ఆదివారమంతా తార్రెగాతో

పొద్దున్నే కుడిచేతి గోళ్లు పూర్తిగా కత్తిరించేశాను. క్లాసికల్ గిటార్ నేర్చుకునేవాళ్లకు ఇది చిన్న నిర్ణయం కాదు. గోళ్లు ఓపికగా పెంచుకుంటాం, నెయిల్ ఫైల్‌తో నునుపు చేసుకుంటాం, ఒకటి విరిగితే ఆ వారమంతా టెన్షన్. గోరుతో మీటితే తీగ ఖంగున పలుకుతుంది, గది చివరిదాకా వినిపిస్తుంది. వేలికొనతో మీటితే శబ్దం మెత్తబడుతుంది, తగ్గుతుంది కూడా. స్పెయిన్ గిటారిస్టు ఫ్రాన్సిస్కో తార్రెగా తన చివరి ఏళ్లలో గోళ్లు తీసేసి ఈ రెండో పద్ధతికి మారిపోయారు. అప్పటికే ఆయన పేరు పారిస్, లండన్‌ల దాకా వెళ్లింది. అంత పేరున్న మనిషి తన శబ్దాన్ని తానే ఎందుకు తగ్గించుకున్నారు? కొన్నాళ్లుగా ఇదే నా బుర్రలో తిరుగుతోంది. చదివి తెలుసుకునేది కాదనిపించి, ఈరోజు నా వేళ్లతోనే విన్నాను.

ఆయన 1852 నవంబరు 21న స్పెయిన్ తూర్పు తీరం దగ్గర విల్లారియల్‌లో పుట్టారు. చిన్నప్పుడు సాగునీటి కాలువలో పడ్డారు, కళ్లు దెబ్బతిన్నాయి. చూపు పూర్తిగా పోయినా సంగీతంతో బతకగలడని తండ్రి ఆలోచించి, కుటుంబాన్ని కాస్తెయోన్‌కు మార్చి పాఠాలు పెట్టించాడు. మొదట నేర్పిన ఇద్దరు గురువులూ చూపు లేనివాళ్లే. ఆ తండ్రి నాకు బాగా అర్థమవుతాడు. కొడుకు కళాకారుడు కావాలని కాదు, రేపు తిండికి లోటు ఉండకూడదని పంపాడు.

1862లో హూలియాన్ ఆర్కాస్ అనే పెద్ద గిటారిస్టు ఆ ఊరు వచ్చి పిల్లాడి వాయిద్యం విన్నాడు, బార్సిలోనా పంపమన్నాడు. సరేనన్న తండ్రి ఒక షరతు పెట్టాడు: పియానో కూడా నేర్చుకోవాలి. పియానోకు ఇళ్లలో, క్లబ్బుల్లో గిరాకీ ఉండేది. గిటార్ అంటే ఎక్కువమందికి సారాయి దుకాణాల్లో, వీధుల్లో వాయించే వాయిద్యం. కుర్రాడు బార్సిలోనాలో ఇల్లు వదిలి కాఫీ హోటళ్లలో వాయిస్తూ తిరిగాడు. తండ్రి వెతికి తెచ్చుకున్నాడు. తర్వాత మళ్లీ పారిపోయాడు.

1869లో ఒక వ్యాపారి సాయంతో సెవిల్‌లో ఆంటోనియో దే టోరెస్ చేసిన గిటార్ తార్రెగా చేతికి వచ్చింది. టోరెస్ గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. గిటార్ పలకడానికి అసలు కారణం పైపలకేనని నిరూపించడానికి, 1862లో ఆయన పక్కలూ వెనకభాగమూ కాగితపు గుజ్జుతో చేసి, పైన మాత్రం చెక్క బిగించి ఒక గిటార్ తయారుచేశాడు. ఈరోజు మనం చూసే క్లాసికల్ గిటార్ ఆకారం చాలావరకు ఆయనదే. సరైన వాయిద్యం సరైన కుర్రాడికి సరైన వయసులో దొరికింది.

తర్వాత 1874లో మాడ్రిడ్ కన్సర్వేటరీ (సంగీత కళాశాల), అక్కడ అరియేటా అనే స్వరకర్త దగ్గర సంగీత రచన చదువు, కచేరీలు, పెళ్లి, బార్సిలోనాలో కాపురం.

మధ్యాహ్నం భోజనానికి మా బావమరిది వచ్చాడు. గదిలో తార్రెగా రాసిన 'గ్రాన్ వాల్స్' నడుస్తోంది. అన్నం కలుపుతున్నవాడు చెయ్యి ఆపి, "బావా, ఇది నోకియా రింగ్‌టోన్ కదా!" అన్నాడు. అవును, అదే. 1902 నాటి ఈ రచనలోంచి నాలుగే నాలుగు బార్లు (తాళం లెక్కన విడదీసే చిన్న ముక్కలు) తీసుకుని నోకియా 1990లలో ఫోన్లలో పెట్టింది. మన బస్సుల్లో, సినిమా హాళ్లలో, పెళ్లి పందిళ్లలో ఆ నాలుగు బార్లు ఎన్నిసార్లు మోగాయో. ఎవరు రాశారో ఎవరం అడగలేదు. పాట మళ్లీ మొదటినుంచి పెట్టాను. ఆ ముక్క వచ్చి వెళ్లిపోయాక కూడా పాట సాగుతుంటే, వాడు చివరిదాకా మాట్లాడకుండా విన్నాడు. నాకు ఎంత సంతోషమనిపించిందో.

ఆయన రచనల్లో అందరూ ముందు చెప్పేది 'రెకుయెర్దోస్ దె లా అల్‌హంబ్రా'. బొటనవేలు కింద బాస్ (మంద్ర) స్వరాలు నడిపిస్తుంటే, ఉంగరపు వేలు, మధ్యవేలు, చూపుడువేలు ఒకదాని వెనక ఒకటి ఒకే స్వరాన్ని మీటుతూ పోతాయి. వినేవాళ్లకు అది తెగని ధారలా ఉంటుంది. గొప్పదే, కాదనను. కానీ నా ఓటు ఒక పేజీ కూడా నిండని 'లాగ్రిమా'కు. మొదటి బార్లలో పైస్వరమూ బాస్ స్వరమూ జంటగా ఒక్కో మెట్టు ఎక్కుతాయి, మధ్యలో రెండో తీగ వేలు పెట్టకుండానే మోగుతూ ఉంటుంది. మొదటి సగం వెలుగుగా వినిపించే ఇ మేజర్ స్వరాల వరసలో, రెండో సగం దిగులుగా వినిపించే ఇ మైనర్‌లో. అంతే పాట.

సాయంత్రం దాన్నే గోళ్లు లేని వేళ్లతో వాయించాను. మొదట శబ్దం చచ్చిపోయినట్టనిపించింది. కాసేపటికి చెవి సర్దుకుంది. గోరుతో మీటినప్పుడు స్వరానికి ముందు చిన్న 'టిక్' ఉంటుంది, ఇందులో అది లేదు. మైనర్ భాగంలో స్వరాలు ఒకదాన్ని ఒకటి ఆనుకుని వచ్చాయి. పెద్ద హాళ్లకంటే చిన్న గదుల్లో, కొద్దిమంది స్నేహితుల మధ్య వాయించడమే ఆయనకు ఇష్టమంటారు. అలాంటి గదిలో వినిపించడానికి ఈ శబ్దం చాలు. ఆయన దూరాన్ని వదులుకుని దగ్గరితనాన్ని తీసుకున్నారని నాకు అనిపిస్తోంది. దీనిమీద ఆయన శిష్యులే ఏకాభిప్రాయానికి రాలేదు: ల్యోబెత్ గోళ్లతోనే వాయించాడు, పుజోల్ గురువు దారిలో వేలికొనలతో వాయించాడు. వీణ వాయించేవాళ్లలోనూ రెండు రకాలవాళ్లూ ఉన్నారు కదా.

1906లో ఆయనకు కుడివైపు పక్షవాతం వచ్చింది. మీటే చెయ్యి అదే. మళ్లీ సాధన చేసి వాయించగలిగారు కానీ, చెయ్యి మునుపటిలా కాలేదు. 'ఒరెముస్' అనే చిన్న రచన మీద 1909 డిసెంబరు 2 తేదీ ఉంది. అదే నెల 15న బార్సిలోనాలో చనిపోయారు. అప్పటికి ఆయనకు 57 ఏళ్లు.

ఆయనదే మరో రచన 'అడెలీతా' నొటేషన్ ప్రింట్ తీసి స్టాండ్ మీద పెట్టాను. అది 'లాగ్రిమా'కు తిరగేసి ఉంటుంది, ముందు మైనర్, తర్వాత మేజర్. రేపు ఆఫీసు నుంచి రాగానే మొదటి లైనుతో మొదలుపెడతాను.