రెండొందల ఒకటో యూనిట్టు ఖరీదు

కరెంటు ఆదా అనగానే అందరూ లైట్లు ఆర్పమంటారు. ఇళ్లల్లో ఇప్పుడున్నవి చాలావరకు తొమ్మిది వాట్ల ఎల్ఈడీలే, రోజుకి ఐదు గంటలు వెలిగినా ఒక్కోటి నెలకి యూనిట్టున్నర కూడా కాల్చదు. దానికోసం పిల్లల మీద అరవడం దండగ (మా ఆవిడ ఒప్పుకోదు, అది వేరే సంగతి).

తెలంగాణలో ఉన్నవాళ్లు ముందు చూడాల్సింది బిల్లు మీద యూనిట్ల అంకె. 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందకి యూనిట్టు 3.40, తర్వాతి వందకి 4.80, అంటే 200కి 820 రూపాయలు. ఒక్క యూనిట్టు ఎక్కువైతే స్లాబే మారిపోయి మొదటి 200కీ 5.10 చొప్పున లెక్క కడతారు, ఆపైన 7.70. మొత్తం 1027 దాటుతుంది. అంటే ఆ ఒక్క యూనిట్టు మనకి పడింది 207 రూపాయలకి! ఫిక్స్‌డ్ చార్జీలు గట్రా దీనికి అదనం. గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్లకైతే ఇంకా దెబ్బ, 200 దాటితే జీరో బిల్లు పోయి మొత్తం కట్టాలి. ఆంధ్రాలో 2022 నుంచి అందరికీ ఒకటే స్లాబుల వరస కాబట్టి అక్కడ ఈ గొయ్యి లేదు.

మరి ఎక్కడ తగ్గించాలి? మీటరు మీద ఎర్ర లైటు టకటకా వెలిగి ఆరుతుంటుంది కదా, పక్కనే యూనిట్టుకి ఎన్నిసార్లు వెలుగుతుందో ముద్రించి ఉంటుంది, చాలా మీటర్లలో అది 3200. ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు అన్నీ ఆపేసి ఒక నిమిషం దాన్నే చూడండి. ఐదుసార్లు వెలిగిందంటే ఎక్కడో 94 వాట్లు పోతోందన్నమాట, రోజంతా అలాగే పోతే నెలకి 67 యూనిట్లు. మా ఇంట్లో దొరికిన దొంగల్లో మొదటిది సెట్ టాప్ బాక్స్. రిమోట్‌తో ఆపితే అది ఆగినట్టు కాదు, పది వాట్లు లాగినా నెలకి ఏడు యూనిట్లు, గోడ దగ్గర స్విచ్ ఆపాల్సిందే. ఫ్లాట్ మెయిన్ ఆపేశాక కూడా మీటరు వెలుగుతుంటే మాత్రం ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మెట్ల లైటో ఇంకోటో మీ మీటరుకి కలిపి ఉండొచ్చు.

డబ్బు పెట్టి కొనదలుచుకుంటే నా ఓటు ఫ్యాన్లకే. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను ఫుల్ స్పీడులో 30, 35. మన ఊళ్లలో ఫ్యాను తిరగని పూట ఉంటుందా? రోజుకి 15 గంటలు తిరిగే ఫ్యాను ఒక్కటి మార్చినా నెలకి దాదాపు 18 యూనిట్లు మిగులుతాయి. అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు, హాల్లోదీ పడగ్గదిలోదీ మారిస్తే చాలు, చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే తిరిగే గదిలోది అలాగే ఉంచేయండి. ఒక్కటే తలనొప్పి, వీటిలో చాలావాటికి గోడ రెగ్యులేటర్ పనికిరాదు, రిమోటే. మా అత్తయ్యగారు దిండు కింద దాచుకుంటారు, మిగతావాళ్లం ఆవిడ పెట్టిన స్పీడుకే సర్దుకుపోవాలి.

గీజర్ రెండు వేల వాట్లు, అరగంటకి ఒక యూనిట్టు. స్విచ్ వేసి మర్చిపోకుంటే అంతే, పెద్దగా చెప్పేదేం లేదు.

ఏసీ దగ్గర నిజం ఒప్పుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రంతా ఏసీ వేసే ఇంట్లో 200 లోపు ఉండాలనుకోవడం అత్యాశ. అప్పుడు గురి 300 మీద పెట్టుకోండి, అది దాటితే యూనిట్టు 9 రూపాయలు. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవుతాయి, ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు తగ్గుతుందని బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చెప్పే లెక్క. 26లో పెట్టి పైన బీఎల్‌డీసీ ఫ్యాను రెండో నంబరులో వేస్తే మాకు దుప్పటి కావాల్సొస్తోంది.

మిగతా నెలల్లో, రీడింగ్ తీసిన ఇరవై రోజులకి ఒకసారి మీటరు చూసుకోండి. అందులోంచి బిల్లు మీది రీడింగ్ తీసేస్తే 133 దాటిందంటే ఇదే వాడకంతో 200 దాటుతారు, మిగిలిన పది రోజులు ఇస్త్రీ బట్టలు బయట ఇచ్చేసినా ఆ 207 కంటే చవకే.