నీలం ఎవరు పూయమన్నారు?

ఫోటో ప్రింట్లు వచ్చాయి. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం కడుపుమంట తగ్గక ఇది రాస్తున్నా.

పానగల్ ఛాయా సోమేశ్వరాలయం స్తంభం ఒకటి, మన నల్లగొండ ఐటీ టవర్ ఒకటి. రెండూ బ్లాక్ అండ్ వైట్‌లో, పక్కపక్కన, ఒకే ఫ్రేములో. ఎన్నాళ్ల నుంచి అంటున్నానో మీకు తెలుసు. ల్యాబ్ పిల్లగాడు గుడిని అట్లే వదిలేసి, టవర్ అద్దాలకు కంప్యూటర్లో నీలం పూశాడు. ఒక్క ఫోన్ కూడా చేయలేదు. "గుడి పాతది కదన్నా, గట్లనే ఉండాలె. కొత్త బిల్డింగుకు కలరుంటేనే లుక్కొస్తది" అన్నాడు. పైసలు కూడా ఎక్కువ తీసుకోలేదు. ఇక గట్టిగా ఏమంటాం?

నేను లెన్సు ముందు రెడ్ ఫిల్టర్ వాడిందే ఆ నీలాన్ని ఆపడానికి. అది పెడితే నీలాకాశం నల్లగా పడుతుంది, అద్దాల్లో కనిపించే ఆకాశమూ నల్లబడుతుంది. 2023లో తెరిచిన టవర్ అచ్చం నల్లరాతిలో తొలిచినట్టు వచ్చింది. పక్కన ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల నాటి స్తంభం. పొద్దుటి ఏటవాలు ఎండకు ఒక్కో ఉలి గీతా లేచి కనబడుతోంది, చేతులు తగిలి తగిలి నునుపెక్కిన అంచు మాత్రం తళుక్కుమంటోంది. ఏది పాత, ఏది కొత్త అని చూసేవాళ్లు కాసేపు ఆగాలి. దాని కోసమే కదా ఇంత తిప్పలు!

అసలు నలుపు తెలుపు అంటే పాతకాలం అని ఎవరన్నారు? నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ గాజు పలకల మీద ఫలక్‌నుమాను తీసిన రోజుల్లో అది సరికొత్త మేడ. ఆరో నిజాం కాలం నాటి ఆ ఫోటోల్లో ఉన్నదంతా అప్పటికి కొత్తే.

ఇది రాస్తుంటే బాపు, అమ్మల పెళ్లి ఫోటో గుర్తొచ్చింది. ముందు గదిలో ఉంటుందే, అది. తీసింది బ్లాక్ అండ్ వైట్‌లోనే. స్టూడియో ఆయన సన్న కుంచెతో అమ్మ బుగ్గలకు గులాబీ, పెదవులకు ఎరుపు, చీరకు ఆకుపచ్చ అద్దాడు. చీర పసుపుది! ఆయనా ఎవరినీ అడగలేదు. పండక్కి చుట్టాలొస్తే చాలు, అమ్మ ఆ సంగతి ఎత్తుతుంది, ఆయన్ను తిడుతుంది. బాపు ఒకసారి ఆ ఫోటో తీసేసి వేరేది పెడదామంటే మాత్రం ఒప్పుకోలేదు. చీర అంచు దాటి రంగు కాస్త బాపు చేతి మీదికి కూడా పాకింది. చిన్నప్పుడు ఆ మరకను గోటితో గీకబోయి దెబ్బలు తిన్నాను.

మరి ఈ పిల్లగాడు చేసింది అదే పని కదా? కుంచె బదులు మౌసు. వాడికి ఆ టవర్ ముద్దొచ్చింది, రంగేశాడు. రేపో మాపో వాడి చెల్లెలికి అందులో ఉద్యోగం వస్తుందేమో కూడా. ఇలా అనుకుంటే కోపం సగం దిగింది. మిగతా సగం అట్లే ఉంది, గుడికి రంగు అక్కర్లేదన్నాడు చూడండి, దాని గురించి.

గుడిలో గడిపిన పొద్దు గురించి రాద్దామనుకున్నా. గర్భగుడి గోడ మీద ఆ నీడ, ఎండ తిరిగినా కదలకుండా, అక్కడే ఉంది. చాలా బాగుంది.

రేపు పోయి రెండూ నలుపు తెలుపులోనే మళ్లీ వేయించుకుంటా. ఈ నీలం కాపీని అమ్మ అప్పుడే తన గదిలోకి తీసుకుపోయింది.