విల్లీస్ జీపుకు తుప్పు పట్టించిన వైనం

యుద్ధకాలపు విల్లీస్ జీపును 1:35 స్కేలులో, అంటే అసలు బండిలో 35వ వంతు ప్లాస్టిక్ బొమ్మగా కట్టి, విశాఖ ఉప్పుగాలికి ఏళ్ళ తరబడి వదిలేసిన బండిలా చూపించాలని చాలాకాలంగా నా కోరిక. రెండో ప్రపంచయుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిపి 6 లక్షలకు పైగా ఇలాంటి జీపులు చేశాయి. యుద్ధం ముగిశాక మిగులు సామానుగా అమ్ముడుపోయిన బళ్ళు మన దేశంలోనూ ఉండిపోయాయి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. అందుకే ఈ బండి మనకు పరాయిదిగా అనిపించదు. నేను తీసుకున్నది టమియా అనే జపాన్ కంపెనీ కిట్. కట్టడం పూర్తయితే పొడవు సుమారు 95 మిల్లీమీటర్లు, అరచేతిలో ఇమిడిపోతుంది.

రంగు సీసాల జోలికి వెళ్ళకముందు అసలు తుప్పు చూడాలనుకున్నాను. గాజువాక ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్లు, టింకరింగ్ షెడ్లు తిరిగాను. మడ్‌గార్డుల మీద పెచ్చులకు ఫోటోలు తీసుకుంటుంటే ఒక టింకరింగ్ మేస్త్రి చూసి, "పైన ఏటి సూత్తావు బాబూ, కిందనుంచి తినేత్తాది" అంటూ ఒక డోరును తిరగేసి చూపించాడు. బయటివైపు చిన్న బుడిపె. లోపలివైపు అంచు పొడవునా రేకు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. ఈ మోడల్‌కు నాకు అందిన పాఠాలన్నిటిలో పెద్దది అదే. రంగు ఏదన్నది తర్వాతి సంగతి. నీళ్ళు ఎక్కడ చేరాయి, ఎక్కడ నిలిచాయి, ఎటు కారాయి అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ కావాలి, ఆక్సిజనూ కావాలి. ఉప్పు కలిసిన తేమ విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి ఆ రసాయన చర్య వేగం పుంజుకుంటుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెయింటు కింద మొదలైన తుప్పు దాన్ని పైకి తన్ని బుడిపె లేపుతుంది, తర్వాత పగలగొడుతుంది. రంగులో కూడా వయసు తెలుస్తుంది. నిన్నటి వానకు వచ్చినది నారింజ, పాతబడినది ముదురు గోధుమ, బాగా ముదిరినది దాదాపు నలుపు. బండి నిండా ఒకటే నారింజ పూస్తే అది ఒక్క రాత్రిలో పుట్టిన తుప్పులా కనిపిస్తుంది.

విల్లీస్‌లో నీళ్ళు నిలిచే చోట్లు పుస్తకాలకెక్కినంత ప్రసిద్ధం. ఫ్లోర్ రేకు కింద బలం కోసం వేసిన అడ్డపట్టీల్లో కర్ర దూర్చి ఉండేది. ఆ కర్ర తడి పీల్చుకుని ఏళ్ళకేళ్ళు విడిచిపెట్టదు, పైనున్న రేకు అక్కడే ముందు పోతుంది. డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు కూర్చునే గుంట మరో చోటు. వెనక మూలల్లో ఉన్న టూల్ బాక్సుల అడుగు ఇంకొకటి. బానెట్ మీద నీళ్ళు నిలవవు, కాబట్టి అక్కడ పెచ్చులు తక్కువ, ఎండకు వెలిసిపోవడం ఎక్కువ. ఇదంతా ఒక కాగితం మీద జీపు బొమ్మ గీసి గుర్తులు పెట్టుకున్నాను.

చిల్లులు పడాల్సిన చోట ప్లాస్టిక్కును వెనకవైపు నుంచి బ్లేడుతో గీకి, ఉల్లిపొరంత పల్చన చేసి, సూదితో పొడిచాను. ఈ పని తొందరపడితే సాగదు. కిట్ ప్లాస్టిక్ మందం ఒక మిల్లీమీటరు అనుకున్నా, అసలు బండి కొలతలో అది 35 మిల్లీమీటర్ల రేకు అవుతుంది. చిల్లు అంచు మందంగా కనిపించిందంటే ఎంత మంచి రంగు వేసినా కన్ను నమ్మదు. ఒక వెనక మూలను పూర్తిగా కోసేసి, కూల్‌డ్రింక్ డబ్బా రేకుతో మళ్ళీ చేశాను. రేకు వంగినట్టు ప్లాస్టిక్ వంగదు.

ఇక రంగులు. నా ఊహలోని జీపు సైన్యం ఆకుపచ్చతో పుట్టింది, తర్వాత ఎవరో ఆసామి దానికి నీలం కొట్టించాడు. కాబట్టి పొరలు కూడా అదే వరసలో రావాలి. అన్నిటికంటే అడుగున టమియా రంగుల్లో ఎక్స్‌ఎఫ్-9 నంబరు హల్ రెడ్ (ముదురు ఎరుపు), దాని మీద ఎక్స్‌ఎఫ్-64 ఎర్ర గోధుమ మచ్చలు, అక్కడక్కడ స్పాంజితో నలుపు. ఇది ఆరాక లాకర్ వార్నిష్ కొట్టి భద్రం చేశాను. దాని మీద జుట్టుకు కొట్టుకునే మామూలు హెయిర్‌స్ప్రే, పల్చగా రెండు పొరలు. దానిపైన ఎక్స్‌ఎఫ్-62 ఆలివ్ డ్రాబ్, అదే సైన్యం ఆకుపచ్చ. అరగంట లోపే బ్రష్‌ను నీళ్ళలో ముంచి తడిపి రుద్దితే, నీరు అక్రిలిక్ పొరలోంచి కిందికి దిగి హెయిర్‌స్ప్రేను కరిగిస్తుంది. పైరంగు నిజమైన పెయింటు లేచినట్టే పెచ్చులుగా ఊడుతుంది. టమియా రంగులు దీనికి బాగా ఒప్పుతాయి. వల్లెహో అనే మరో కంపెనీ రంగులు సాగే పొరగా ఏర్పడతాయి కాబట్టి పెద్ద పెద్ద పీలికలుగా వస్తాయి, వాటిని ఇక్కడ వాడలేదు.

ఆకుపచ్చ పొరను పెచ్చులుగా ఊడదీసిన తర్వాత మళ్ళీ వార్నిష్ తప్పనిసరి. లేకపోతే రెండోసారి రుద్దేటప్పుడు నీరు అడుగు పొరదాకా పోయి అంతా కలిపేస్తుంది. ఆ వార్నిష్ మీద ఇంకో విడత హెయిర్‌స్ప్రే, తర్వాత తెలుపు కలిపిన ఎక్స్‌ఎఫ్-8 నీలం. మడ్‌గార్డు అంచుల మీద మాత్రం హెయిర్‌స్ప్రే బదులు ఉప్పు వాడాను. తడిపిన చోట వంటింటి ఉప్పు చల్లి, ఆరనిచ్చి, పైన రంగు కొట్టి, తర్వాత ఉప్పును రాల్చేయడమే. ఉప్పు గింజ ఉన్నచోట గుండ్రని, గరుకు అంచుల పెచ్చు మిగులుతుంది. బుడిపెలు పగిలిన తుప్పు అచ్చం అలాగే ఉంటుంది. అసలు బండిని తినేది ఉప్పే, బొమ్మ బండికి ఆ తుప్పు తెచ్చిందీ ఉప్పే. ఈ సంగతి నాకు ఎంతో ముచ్చటగా అనిపించింది.

నీలం లేచిన చోట ఆకుపచ్చ, ఆకుపచ్చ లేచిన చోట తుప్పు కనిపించడం మొదలయ్యాక బండికి చరిత్ర వచ్చింది. మరీ చిన్న పెచ్చుల్ని స్పాంజి ముక్క చివరతో ముదురు గోధుమ రంగు అద్ది వేశాను. స్పాంజికి అంటిన రంగును ముందు కాగితం మీద దాదాపు పూర్తిగా తుడిచేయాలి. మోడల్ మీద 0.2 మిల్లీమీటర్ల చుక్క అసలు బండి మీద 7 మిల్లీమీటర్ల పెచ్చు. ఆ లెక్క మనసులో ఉంటే చెయ్యి అదుపులో ఉంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఆయిల్ రంగులది. కామ్లిన్ ఆయిల్ ట్యూబుల్లో బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఓకర్ చాలు. అట్టముక్క మీద కాసేపు ఉంచితే అట్ట నూనెను పీల్చుకుంటుంది, అప్పుడు రంగు మెరవకుండా ఆరుతుంది. పెచ్చు కింద ఒక చిన్న చుక్క పెట్టి, వాసన లేని థిన్నర్‌తో తడిపిన వెడల్పు బ్రష్‌ను పైనుంచి కిందికి లాగితే వానకు కారిన చార వస్తుంది. చార ఎప్పుడూ ఏదో ఒకచోట పుట్టాలి. బోల్టు తల, అతుకు, పెచ్చు, చిల్లు, ఏదైనా సరే. ఊరికే గాల్లో మొదలైన చార అబద్ధం. మొదలైనచోట ముదురు, కిందికి పోయేకొద్దీ లేతగా, పసుపు వైపు మళ్ళాలి. ఆయిల్ రంగు నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి నచ్చకపోతే తుడిచి మళ్ళీ వేసుకోవచ్చు. త్వరగా ఆరిపోయే అక్రిలిక్ రంగుల్లో ఈ వెసులుబాటు లేదు.

పొడి తుప్పు కోసం ఖరీదైన పిగ్మెంట్ డబ్బాలు కొననక్కర్లేదు. మన ఇళ్ళల్లో గచ్చు నేలలకు కలిపే రెడాక్సైడ్ పొడి కూడా తుప్పులాగే ఐరన్ ఆక్సైడే. దానికి పసుపు ఆక్సైడ్, కాస్త బొగ్గుపొడి కలిపి, పల్చని నూలుగుడ్డలో జల్లించి వాడాను. టర్పెంటైన్‌లో తడిపి సైలెన్సర్ మీద పొడుచుకుంటూ అద్దితే గరుకుదనం కూడా వస్తుంది. వార్నిష్ పడితే పొడి రంగు ముదురుతుంది, అందుకే మెరుపు లేని మ్యాట్ వార్నిష్ ముందు, పొడి తర్వాత. వానాకాలంలో గాలి తేమగా ఉన్న రోజు వార్నిష్ కొట్టకూడదు, తెల్లగా పాలిపోతుంది. ఎండ కాసే దాకా ఆగాను.

బ్రేకు డ్రమ్ములకు మాత్రం లేత నారింజ ఇచ్చాను, పోత ఇనుముకు వానపడిన మర్నాడే ఆ రంగు వస్తుంది. రబ్బరుకూ కాన్వాసుకూ తుప్పుండదు, వాటికి బూడిదరంగు దుమ్ము. చేతులు, కాళ్ళు రాసుకునే చోట పెన్సిల్ గ్రాఫైట్ రుద్దితే నున్నబడ్డ ఇనుము మెరుస్తుంది. కానీ ఏళ్ళుగా ఎవరూ ఎక్కని బండికి ఆ మెరుపు ఎక్కడిది? పెట్టలేదు.

తర్వాత కట్టబోయేది చెక్క బాడీ లారీ. అక్కడ లెక్క మారుతుంది. చెక్కలోని టానిన్‌తో ఇనుము కలిస్తే మేకుల కింద కారే చార ఎర్రగా కాదు, నీలి నలుపుగా ఉంటుంది. దానికోసం ఆయిల్ ట్యూబుల్లో పేన్స్ గ్రే అనే నీలి ఛాయ ముదురు బూడిదరంగు తెచ్చిపెట్టుకున్నాను.