పెంచిన కోడిని కోసే రోజు

"ఇంట్లో పెంచుకున్న దాన్ని ఎలా కోయబుద్ధేస్తుంది మీకు?" అని పండక్కి వచ్చిన చుట్టాల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నిజం చెప్పాలంటే కోయబుద్ధెయ్యదు. మాది బాపట్ల వైపు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ పెరట్లో కోళ్ళు లేని రోజు లేదు, కనుమకో, అల్లుడొచ్చాడనో, పోలేరమ్మ మొక్కు ఉందనో కోడిని కోయని ఏడాదీ లేదు, అయినా సరే ముందు రోజు చీకటిపడ్డాక గూట్లోంచి దాన్ని తీసి విడిగా గంప కింద పెడుతుంటే మనసు అదోలా అయిపోతుంది. కొత్తగా నాలుగు కోళ్ళు పెట్టుకున్నవాళ్ళు, ఈ బాధ ఎన్నాళ్ళకి పోతుందక్కా అంటారు. పోదు. పోగొట్టుకోవాలని చూడక్కర్లేదని కూడా నా నమ్మకం. బాధ ఉన్నా చెయ్యి తడబడకుండా ఉంటే చాలు. మనం జాలిపడి, చెయ్యి వణికి, సగం కోసి ఆగిపోతే నరకం చూసేది ఆ కోడే.

పేరు పెట్టకండి, అప్పుడు మమకారం పెరగదు అనేది అందరూ ఇచ్చే సలహా. మన దగ్గర అది కుదిరే పని కాదు. ఎర్రగా ఉంటే డేగ, నల్లగా ఉంటే కాకి, తెల్లగా ఉంటే సేతువ, ఈక రంగు తేలగానే ఎవరూ పెట్టకుండానే పేరు పడిపోతుంది. పైగా మమకారం వచ్చేది చాకిరీ వల్ల. పెట్ట 21 రోజులు పొదుగుతుంటే దాని పక్కన నీళ్ళు, నూకలు పెట్టాలి, పిల్లలు దిగాక గద్ద నీడ పడితే పొయ్యి మీది కూర వదిలేసి పరిగెత్తాలి. కొక్కెర రోగం రాకుండా వారం పిల్లలప్పుడే లసోటా అనే టీకా చుక్కలు వేయాలి, ఒక్కొక్క పిల్లనీ అరచేతిలో పట్టుకుని కంట్లో చుక్క వేసి, అది లోపలికి దిగేదాకా వదలకూడదు. అప్పుడు చూడండి, కోడికి మనలా పై రెప్ప వాలదు, కింది రెప్ప పైకి లేచి కన్ను మూసుకుంటుంది. చేతిలో అంత దగ్గరగా చూసినదాన్ని కూరగా తలుచుకోవడం ఎవరికైనా కష్టమే. ఫారం కోడి 40 రోజులకే రెండు కిలోలు తూగి బండెక్కేస్తుంది, నాటుకోడి కిలో, కిలోన్నర అవ్వాలంటే ఐదారు నెలలు మన కళ్ళముందే తిరగాలి.

అందుకే ఏది కోయాలన్నది పండగ ముందు రోజు నిర్ణయించకూడదు. పిల్లలు దిగితే దాదాపు సగం పుంజులే అవుతాయి. ఎనిమిది పది పెట్టలకి ఒక్క పుంజు చాలు. మిగతావన్నీ ఈడుకొచ్చాక జుట్లు చిరిగి నెత్తురు కారేలా పొడుచుకుంటాయి, పెట్టల వీపుల మీద ఈక మిగల్చవు. కాబట్టి కూత నేర్చుకునే వయసుకి ఏది ఉండాలో, ఏది పోవాలో మా ఇంట్లో అనేసుకుంటాం, ఇక దాని మీద చర్చ ఉండదు. పాతకాలం వాళ్ళు ఈ పని మొక్కు పేరుతో చేశారేమో అనిపిస్తుంది నాకు. పిల్లగా ఉన్నప్పుడే "ఇది పోలేరమ్మది" అని వదిలేస్తే ఇంక అది మన నాలుక కోసం పెరిగేది కాదు, దాన్ని కొట్టకూడదు, అమ్మకూడదు, దాని రోజు దానికి ఉంది. గుడి దగ్గర కూడా నీళ్ళు చల్లి, అది ఒళ్ళు విదిలించేదాకా ఆగుతారు, విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నమ్మరు, కానీ కత్తికి ముందు ఒక్క నిమిషం ఆగడం అనేది మాత్రం చాలా మంచి పద్ధతి.

గుడ్లు పెట్టే పెట్టని మాత్రం కోయనివ్వను. ఒకసారి తెలియక కోస్తే లోపల గుడ్లు గుత్తిగా ఉన్నాయి, ఆవగింజంత దగ్గర్నుంచి పూర్తి పచ్చసొనంత వరకు వరసగా, రేపటిది, ఎల్లుండిది, ఆ తర్వాతది. మా అత్తయ్య వాటిని పులుసులో వేశారు, పిల్లలు ఇష్టంగా తిన్నారు. నాకు గొంతు దిగలేదు.

కోయడం నేను నేర్చుకుంది మా ఊరి సాయిబుగారి దగ్గర. మా వైపు హిందువుల ఇళ్ళల్లో కూడా చాలామంది ఆయన చేతే కోయిస్తారు. నేను మొదటిసారి కోడిని పట్టుకుని వెళ్ళి అక్కడే నిలబడితే ఆయన నాతో అన్న మొదటి మాట, "కత్తి దానికి కనపడనివ్వకమ్మా." కత్తి ఎప్పుడూ ముందే, అవతల నూరుకుని వస్తారు. ఒక కోడి చూస్తుండగా ఇంకోదాన్ని కోయరు. నీళ్ళు పట్టి, దేవుడి పేరు చెప్పి, ఒక్క లాగులో పని కానిస్తారు. అది ఆయన మతంలో నియమం. నాకు మాత్రం ఇంతకంటే మంచి ఓదార్పు ఎక్కడా దొరకలేదు. బాధతో ఏం చేయాలో తెలియక కొట్టుకుంటున్న మనిషికి చేయాల్సిన పని ఒకటి చేతికిచ్చారు.

ఇప్పుడు నేనే చేస్తాను. రాత్రి మేత పెట్టను, గొంతు కింది మేత సంచి ఖాళీగా ఉండాలి, నీళ్ళు మాత్రం ఉంచుతాను. తెల్లారకముందే తీస్తాను, చీకట్లో కోడి కంగారు పడదు, వెంటపడి పట్టుకోవాల్సిన పని ఉండదు. రెక్కలు రెండూ కలిపి పాత చీర ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే కాసేపటికి దాని గుండె దడ నెమ్మదిస్తుంది, అరచేతికి తెలుస్తూనే ఉంటుంది. అప్పుడు.

కోశాక రెక్కలు కొట్టుకుంటుంది కదా, చాలామంది తట్టుకోలేనిది అదే, "ఎంత విలవిల్లాడిందో" అని ఏడుస్తారు. మెడ రక్తనాళాలు సరిగ్గా తెగితే కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది, ఆ తర్వాతి కొట్టుకోవడం వెన్నులోని నరాలది, దానికి నొప్పి తెలిసి కాదు. ఈ సంగతి ముందు తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. అయినా ఆగేదాకా నేను వదలను, గట్టిగా పట్టుకునే ఉంటాను. కింది రెప్ప మెల్లగా పైకొచ్చి కన్ను మూసుకుంటుంది, జుట్టు ఎరుపు పాలిపోతుంది. తర్వాత ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసేసరికి వంటింటి పని అయిపోతుంది, అక్కడి నుంచి మనసు తేలికపడుతుంది, ఎందుకో నేను చెప్పలేను.

ఇంత బాధ ఎందుకు, బేరగాడికి అమ్మేయొచ్చుగా అంటారు. కాళ్ళు కట్టి, బండి హ్యాండిల్‌కి తలకిందులుగా వేలాడదీసి, ఎండలో ఊళ్ళన్నీ తిప్పి, ఎక్కడో ఎవరో కోస్తే నేను చూడలేదు కాబట్టి నాకు బాధ లేదు అనుకోవడం నాకు చేతకాదు. నా కోడి చివరి గంట నా ఒళ్ళో గడవడమే నాకు ఇష్టం.

పిల్లలకి అబద్ధం చెప్పొద్దు. కోడి ఎగిరిపోయిందనీ, నక్క ఎత్తుకెళ్ళిందనీ చెప్పి మధ్యాహ్నం ముక్కలు వడ్డిస్తే ఏదో ఒక రోజు వాళ్ళకి తెలుస్తుంది, ఇక మీ మాట నమ్మరు. మా చిన్నది "డేగనా?" అని అడిగింది, అవునన్నాను. ఆ రోజు పప్పు వేసుకుని తింది. బలవంతం చేయలేదు, ఏడిపించనూ లేదు. ఎదురుగా నిలబెట్టి చూపించాలి, అప్పుడే ధైర్యం వస్తుంది అనే మగవాళ్ళ మాట మాత్రం నేను ఒప్పుకోను. చూడాలనుకుంటే వాళ్ళే వస్తారు.

ఇంత చెప్పినా కోయలేనివాళ్ళు ఉంటారు, వాళ్ళని చూసి నవ్వకండి. గుడ్ల కోసమే పెంచుకోవచ్చు, పుంజుల్ని తెలిసినవాళ్ళకి ఇచ్చేయొచ్చు. మా వీధిలో మా తోడికోడలూ, ఎదురింటి వదినా ఏళ్ళ తరబడి కోళ్ళు మార్చుకుంటున్నారు, వీళ్ళది వాళ్ళు వండుకుంటారు, వాళ్ళది వీళ్ళు. నాకు అందులో తప్పేమీ కనిపించదు. ఇచ్చేటప్పుడు మాత్రం ఒక మాట చెప్పి ఇవ్వండి, కాళ్ళు కట్టొద్దనీ, రాత్రికి నీళ్ళు పెట్టమనీ, పొద్దున్నే చీకట్లోనే కానిచ్చేయమనీ.