ఖైదీ బతిమాలిన మాట

మార్చి నెల మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థనా దినం. 19వ శతాబ్దం చివర్లో అమెరికా క్రైస్తవ స్త్రీలు మిషన్ పని కోసం మొదలుపెట్టిన ప్రార్థన, 1927 నుంచి ప్రపంచమంతటిదైంది. ఇప్పుడు 170కి పైగా దేశాల్లో జరుగుతోంది. ఏటా ఒక దేశపు స్త్రీలు ఆరాధన క్రమం రాస్తారు, మిగతావాళ్లు దాన్నే తమ భాషలో చదువుతారు. మన అవసరాలు కాసేపు పక్కనపెట్టి, ఎప్పుడూ చూడని ఊరి ఆడవాళ్ల కష్టాన్ని వాళ్ల మాటల్లోనే దేవునికి చెప్పడం నాకు చాలా ఇష్టం.

2024లో ఆ వంతు పాలస్తీనా క్రైస్తవ స్త్రీలది. వాళ్లు ఎంచుకున్న వాక్యం, బైబిల్లో అపొస్తలుడైన పౌలు ఎఫెసు సంఘానికి రాసిన పత్రిక (ఉత్తరం) 4:1-7. "ప్రేమతో ఒకనినొకడు సహించుచు" నడుచుకోమని పౌలు బతిమాలుకుంటాడు. ఆ క్రమం రాసేనాటికి గాజాలో ఇజ్రాయెల్-హమాస్ యుద్ధం ఇంకా మొదలవలేదు. మార్చి 1న అందరూ చదివేనాటికి రెండు వైపులా తల్లులు బిడ్డల కోసం ఏడుస్తున్నారు. గాజాలో సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణలో తలదాచుకున్నవాళ్లలో కొందరు అప్పటికే బాంబుదాడిలో చనిపోయారు. అయినా ఆ స్త్రీల వాక్యం అదే.

సహించమనే మాట కొట్టేవాడి నోట వస్తే అన్యాయం. మన ఇళ్లలో దెబ్బలు తిన్న ఆడపిల్లకు "సర్దుకుపోమ్మా" అని చెప్పడానికి కూడా ఈ వాక్యాన్ని వాడతారు. అది తప్పు, పౌలు అలా అనలేదు. ఆయన ఒక్కరినే సహించమనడు, ఒకరినొకరు అంటాడు. పైగా అడుగుతున్నది "ప్రభువును బట్టి ఖైదీనైన నేను" అంటున్న మనిషి. సంకెళ్లలో ఉండి కూడా ఇక్కడ తన విడుదల అడగడు, సంఘం చీలిపోకూడదని బతిమాలుతాడు. రెండు అధ్యాయాల ముందే, యూదులకూ అన్యజనులకూ (యూదులు కానివాళ్లకూ) మధ్య ఉన్న గోడను క్రీస్తు పడగొట్టాడని రాసింది కూడా ఆయనే. పాలస్తీనాలోని బేత్లెహేములో నేటికీ ఇజ్రాయెల్ కట్టిన ఎత్తైన కాంక్రీటు గోడ ఉంది. దాని పక్కన బతికేవాళ్లు ఈ వాక్యాన్ని ఎంచుకున్నారంటే, ఎంత విశ్వాసం ఉండాలి!

2026లో వంతు నైజీరియా స్త్రీలది. వాళ్ల వాక్యం మత్తయి 11:28-30, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి". మన స్త్రీల సమాజాల్లో ఆ క్రమాన్ని చదివే ముందు, ఆ దేశంలో భారం మోస్తున్నది ఎవరో, అది ఏ భారమో కాసేపు మాట్లాడుకుందాం. తెలుసుకుని ప్రార్థించడం, ప్రార్థించినదాని కోసం పనిచేయడం, ఈ రెండూ కలిపే ఈ దినం నడుస్తోంది.