ఆరేళ్ల పిల్లకి ఏ తరగతి లెక్కలు చెప్పాలి? మా ఇంట్లో ఏడాది అనుభవం

మా అమ్మాయికి ఇప్పుడు ఆరేళ్లు. నాలుగేళ్లకే తెలుగు, ఇంగ్లిష్ రెండూ చదివేది. బెంగళూరు మారతహళ్లిలో బస్సుల మీద కన్నడ బోర్డులు చూసి "అమ్మా, ఇవి మన అక్షరాల్లాగే ఉన్నాయి, తలకట్టే వేరు" అంటూ కూడబలుక్కుని చదివేసింది. అలాంటి పిల్లని యూకేజీలో కూర్చోబెట్టి రోజూ ఒకటి నుంచి యాభై దాకా రాయిస్తుంటే పొద్దున్నే కడుపునొప్పి అనేది. మూడు నెలలు చూసి మాన్పించేశాం. మాన్పించడానికి పెద్దగా ఆలోచించలేదు కానీ, ఇంట్లో ఎంత స్పీడుగా చెప్పాలన్న దగ్గరే నాకు అసలు టెన్షన్ మొదలైంది.

ముందు పరుగెత్తించాను. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి కదా, ఒకటో తరగతి లెక్కలు రెండు వారాల్లో అయిపోయాయి, రెండోది నెలలో, అలా అలా ఆర్నెల్లు తిరిగేసరికి భిన్నాల కూడికల దాకా వచ్చేశాం. 1/2, 1/3 కలపమంటే క.సా.గు. తీసి 5/6 అని గబగబా చెప్పేది. నాకు చాలా గర్వంగా ఉండేది, ఫోన్లో అందరికీ చెప్పేదాన్ని.

ఒక రాత్రి అత్తయ్య జొన్నరొట్టె చేసి, సగం చెయ్యబోతూ ఆగి "మూడో వంతు కావాలా, నాలుగో వంతు కావాలా బంగారూ?" అని అడిగారు. అడిగిన క్షణంలోనే "నాలుగో వంతు నానమ్మా, అది పెద్దది కదా" అంది. అత్తయ్య ఏమీ అనకుండా ఒక రొట్టెని మూడు ముక్కలు, ఇంకోదాన్ని నాలుగు ముక్కలు చేసి పక్కపక్కన పెట్టారు. పిల్ల ఆ రెండు పళ్లేల వంక చాలాసేపు చూసింది. ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. "మరి నాలుగు పెద్దది కదా" అని మెల్లగా అంది. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. దానికి పద్ధతి వచ్చింది, భిన్నం అంటే ఏమిటో రాలేదు, ఆ తేడా నేను ఆర్నెల్లుగా గమనించలేదు.

ఆ భయంలో ఇంకో తప్పు చేశాను. అన్నీ ఆపేసి మళ్లీ ఒకటో తరగతి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. నాలుగో రోజు పెన్సిల్ కింద పెట్టేసి "ఇది నాకు వచ్చని నీకు తెలుసు కదమ్మా, మళ్లీ ఎందుకు అడుగుతున్నావ్?" అంది. కోపం లేదు, నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత మాకు కుదిరిన పద్ధతి ఇది. పాఠం మొదలుపెట్టే ముందే ఆ పాఠం చివరున్న లెక్కల్లో కష్టమైనవి ఐదు ఇస్తాను. చేసేస్తే, ఎలా చేసిందో వాళ్ల నానమ్మకి చెప్పాలి, పుస్తకం చూడకుండా, వంటింట్లో ఉన్న వస్తువులతో. అత్తయ్యకి అర్థమైతే ఆ పాఠం వదిలేసి ముందుకెళ్తాం. జవాబు సరిగ్గా వచ్చి చెప్పడం రాకపోతే అక్కడే ఆగుతాం, ఎన్ని రోజులైనా సరే. కూడికలు, తీసివేతలు ఒక్క వారంలో దాటేశాం, భిన్నాల దగ్గర మాత్రం రెండు నెలలున్నాం, గ్లాసులతో, టేలర్ టేపుతో, రొట్టెలతో.

ఒక్కోసారి ముందుకి కాకుండా పక్కకి వెళ్తాం. లాల్‌బాగ్‌లో ఆ పెద్ద బండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు అని చెబితే, ఆ అంకెలో ఎన్ని సున్నాలు ఉంటాయని పట్టుకుంది. మూడు పక్కన తొమ్మిది. ఆ వారమంతా పెద్ద అంకెలే. ఏ తరగతి పాఠమో నేను చూడలేదు.

తొందర తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది. బడికి వెళ్లకుండా చదివే పిల్లలకి పరీక్షలు పెట్టే జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి పరీక్ష రాయాలంటే కనీసం 14 ఏళ్లు నిండాలి. మధ్యలో స్కూల్లో చేర్పించాలన్నా 2009 విద్యా హక్కు చట్టం వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోమనే చెబుతుంది. ఎనిమిదేళ్లకే అన్నీ ముగించి ఎక్కడికి పంపాలి? ఈ సంగతి తెలిశాక మా ఆయన "మరి మనకి అంత హడావిడి ఎందుకు?" అన్నారు, నాకూ అదే సరైన మాట అనిపించింది.

రాత విషయం వేరు. బుర్ర ఎంత ముందున్నా చేతికి ఆరేళ్లే. నాలుగు వరుసలు రాసేసరికి వేళ్లు నొప్పి అంటుంది, అక్షరం వంకర పోతే కాగితం చింపేస్తుంది. అందుకే అది కథ చెబుతుంటే నేను రాస్తాను, తన చేత్తో రాయడం రోజుకి పది నిమిషాలే. ఒకే పిల్లకి లెక్కలు ఐదో తరగతివి, రాత ఒకటో తరగతిది. ఏ తరగతి అని ఎవరైనా అడిగితే మొదట్లో ఇబ్బంది పడేదాన్ని, ఇప్పుడు ఏ సబ్జెక్టులో అని తిరిగి అడుగుతున్నాను.

అత్తయ్య పోయిన నెల కడప వెళ్లిపోయారు, అందుకని మా అమ్మాయి తన పాఠాలు ఆవిడకి వీడియో కాల్‌లో చెబుతోంది. నిన్న 0.5, 0.25 లలో ఏది పెద్దదో చెప్పాలి. మొదలుపెట్టబోయి ఆగి, "నానమ్మా, ముందు నువ్వొక రొట్టె తెచ్చుకో" అంది.