మా డొంకలకు సన్న టైర్లా, వెడల్పు టైర్లా?

మాది గుంటూరు వైపు నల్లరేగడి ఊరు. మిర్చి, పత్తి వేస్తాం. తారు రోడ్డు దిగాక చేను దాకా డొంకే దారి. నా బండి ఇసుజు డీమ్యాక్స్ వి-క్రాస్, ఫోర్ వీల్ డ్రైవ్ పికప్, మన శ్రీసిటీలో తయారైందే. మందు కొట్టే రోజుల్లో వెనక రెండు వందల లీటర్ల నీళ్ల డ్రమ్ములు, స్ప్రేయరు వేసుకుని పోతాను. కాయ ఎండాక టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, యార్డుకు తీసుకెళ్తాను. దానితో వచ్చిన 245/70 ఆర్16 టైర్లు అరిగిపోయి కొత్తవి వేయాల్సి వచ్చినప్పుడు ఈ సన్నం, వెడల్పు గొడవంతా మొదలైంది.

టైర్ల షాపులో అడిగితే, "265 వేయించండి సార్, వెడల్పుగా ఉంటే గ్రిప్పు బాగుంటుంది, బండికి లుక్కొస్తుంది" అన్నారు. మా ఊళ్లో ఏళ్ల తరబడి ట్రాక్టరు తోలుతున్న పెద్దాయన మాత్రం, "బురదలోకి వెడల్పుది దేనికి బాబూ? సన్నదైతే బురదను కోసుకుని అడుక్కి పోద్ది. అడుగు గట్టిగా ఉంటే బండి దానంతటదే పోద్ది" అన్నాడు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే, ఇద్దరూ గట్టిగానే చెప్పారు. టైర్లంటే చిన్న ఖర్చు కాదు. నేనే తేల్చుకోవాలనుకున్నాను.

ముందు కాగితం మీద లెక్క వేశాను. 245/70 ఆర్16లో 245 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 70 అంటే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం. 16 అంటే రిమ్ము అంగుళాలు. ఈ లెక్కన నా పాత టైరు మొత్తం ఎత్తు 749 మి.మీ. షాపువాళ్లు చెప్పిన 265/70 ఆర్16 ఎత్తు 777. అదే 245/75 ఆర్16 తీసుకుంటే 774. వెడల్పు పెరగకుండానే ఎత్తు దాదాపు అంతే వస్తోంది! రెండిట్లో ఏది వేసినా ఇరుసు కింద ఖాళీ పెరిగేది 12 నుంచి 14 మి.మీ. ఎత్తు కావాలంటే వెడల్పు కొనక తప్పదని అనుకునేవాళ్లు ఈ చిన్న గుణకారం ఒక్కసారి చేసి చూడాలి. రెండు సైజులకూ నా పాత రిమ్ములే సరిపోతాయి. 245/75లో మామూలు రకానికి లోడ్ ఇండెక్స్ 111, అంటే ఒక్కో టైరు 1,090 కిలోలు మోస్తుంది. నా డ్రమ్ములకు, టిక్కీలకు అది చాలు.

ఇంకా సన్నగా, ఎత్తుగా 235/85 ఆర్16 ఉంది. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ 110 మీద ఉండే సైజు. నాకు దాని మీద చాలా మనసైంది. కానీ ఎత్తు 806 మి.మీ. అంటే నా పాత టైరు కంటే ఏడున్నర శాతం పెద్దది. స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, ఇంజిను మీద బరువు పడుతుంది, స్టీరింగు తిప్పితే లోపల రాసుకుంటుంది. సస్పెన్షను ఎత్తు పెంచే పని నాకు వద్దు. అంతటితో దాన్ని వదిలేశాను.

తర్వాత నేలను ఎంత మేర పట్టుకుంటుందో చూడాలనిపించింది. చీరాల దగ్గర మా బావకూ ఇదే బండి ఉంది, 265 టైర్లు వేయించాడు. ఇద్దరి బండ్లకూ ఒకే గాలి పెట్టి, ఒక్కో ముందు చక్రం జాకీతో లేపి, నేలను తాకే గళ్ల భాగానికి (ట్రెడ్) సున్నం పూసి, నల్ల అట్ట మీదికి దించాం. పడిన అచ్చు చూస్తే విషయం కళ్లకు కట్టింది. వెడల్పు టైరు అచ్చు పొట్టిగా, అడ్డంగా ఉంది. సన్న టైరు అచ్చు పొడుగ్గా ఉంది. మొత్తం వైశాల్యంలో పెద్ద తేడా లేదు. బరువును మోసేది లోపలి గాలి కాబట్టి, బరువూ గాలీ ఒకటే అయితే నేలను తాకే మేర కూడా ఇంచుమించు ఒకటే ఉంటుంది. మారేది దాని ఆకారం. గాలి 32 పీఎస్‌ఐ నుంచి 18కి దించి మళ్లీ అచ్చు తీస్తే, రెండు టైర్లవీ బాగా పెరిగాయి, అదీ ఎక్కువగా పొడుగులోనే. 20 మి.మీ. వెడల్పు ఇవ్వలేనిది గాలి తగ్గించడం ఇచ్చింది.

అట్ట మీద చూసింది డొంకలో చూడాలి కదా. వానలు మొదలయ్యాక బావను రమ్మన్నాను. మా చెరువు వైపు డొంకలో ఎప్పుడో గ్రావెల్ పోశారు. దాని మీద పక్క చేల మట్టి కొట్టుకొచ్చి జానెడు బురద ఉంటుంది. నా అరిగిన పాత టైర్లతోనే మెల్లగా వెళ్లాను. బురదలో దిగి, కింద గ్రావెల్ తగిలాక బండి నిలకడగా నడిచింది. బావ బండి ముందు చక్రాలు మాత్రం బురద మీద తేలుతూ అటూ ఇటూ జారాయి. చక్రం ముందు బురద గుట్టలా పోగవుతోంది, దాన్ని తోసుకుంటూ పోవాల్సి వస్తోంది. టైరు వెడల్పయ్యేకొద్దీ తోయాల్సిన బురదా ఎక్కువే. అతని టైర్లు నాకంటే కొత్తవి, గళ్లు లోతుగా ఉన్నాయి. అయినా అంతే.

నల్లరేగడితో ఇంకో చిక్కుంది. ఇది నీళ్లు తాగి ఉబ్బే మట్టి. ఎండాకాలంలో నెర్రెలిస్తుంది, వానకు జిగురైపోతుంది. టైరు గళ్లలో నిండిపోయి, పొర మీద పొర అంటుకుంటూ మడ్‌గార్డు లోపల బిగుసుకుంటుంది. బావ బండికి టైరు, మడ్‌గార్డు మధ్య ఖాళీ తక్కువ కావడంతో మట్టి పట్టేసి చక్రం తిరగడమే కష్టమైంది. ఇద్దరం గునపంతో పొడిచి తీయాల్సి వచ్చింది. చెమటలు తుడుచుకుంటూ, "ఇసుకలో ఈ బాధ లేదు బావా" అన్నాడు. సన్నవైపు నేను మొగ్గింది అక్కడే. మన నేలలో టైరు చుట్టూ ఖాళీ ఉండటం టైరు వెడల్పు కంటే ముఖ్యం.

గ్రావెల్ లేని పడమటి డొంకలో మాత్రం సన్నదీ పోలేదు, వెడల్పుదీ పోలేదు. అక్కడ కింద గట్టి నేలే తగలదు. రెండు బండ్లూ ఇరుసుల దాకా దిగబడ్డాయి, రెండిటినీ ట్రాక్టరే లాగింది. అడుగు లేని నేల మీద తేలాలంటే వెడల్పు ఎంత కావాలో చూడాలంటే ఐస్‌లాండ్ మంచు బండ్లను చూడాలి. 44 అంగుళాల ఎత్తుండే భారీ వెడల్పు టైర్లు వేసి, గాలి దాదాపు తీసేసి నడుపుతారు. 245 నుంచి 265కి వెళ్తే అందులో ఏ మూలకూ రాదు. ఆ డొంక రెండెండలు కాసి ఆరాక వెళ్లడమే మేలు.

ఇసుక సంగతి వదిలేస్తే బావకు అన్యాయం చేసినట్టే. వాళ్ల సరుగుడు తోటల వైపు దారంతా మెత్తటి ఇసుక. అక్కడ గాలి 18కి దించి వెళ్తే నా బండీ బాగానే నడిచింది. కానీ దిబ్బ ఎక్కుతూ మధ్యలో ఆగి మళ్లీ కదిలేటప్పుడు అతనిది తేలిగ్గా లేచింది, నాది కాస్త తవ్వుకుంది. రోజూ ఆ ఇసుకలో తిరిగేవాళ్లకు 265 సరైనదే. గాలి తగ్గించినప్పుడు స్పీడు వద్దు. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. అందుకే ఇప్పుడు బండిలో చిన్న కంప్రెసరు ఎప్పుడూ ఉంటుంది.

చివరికి 245/75 ఆర్16, రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం తీసుకున్నాను. పూర్తి బురద టైర్లు బురదను బాగా విదిలిస్తాయి. కానీ నా బండి సగం కాలం గుంటూరు రోడ్డు మీదే ఉంటుంది. తడిసిన తారు మీద బ్రేకు వేసినప్పుడు అవి అంత గట్టిగా పట్టవు, మోత కూడా ఎక్కువ. అంచుల్లో గళ్లు ఎడంగా ఉన్నవి ఏరి తీసుకున్నాను. ఇప్పుడు మీటరు 80 చూపిస్తే అసలు వేగం 82, 83 ఉంటుందన్నది గుర్తుపెట్టుకుని నడుపుతున్నాను.

బిల్లు రాసేటప్పుడు షాపు కుర్రాడు, "స్టెప్నీ పాతదే ఉంచుకోండన్నా, డబ్బులు మిగుల్తాయి" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా బండిలో ఫోర్ వీల్ వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకదానికొకటి బిగిసిపోతాయి. ఒక్క చక్రం 25 మి.మీ. పొట్టిదైతే ఆ తేడా అంతా గేర్ల మీద పడుతుంది. ఐదూ ఒకే సైజువి కొన్నాను. డబ్బులిచ్చే ముందే ఐదోదాన్ని బండి కింద గొలుసుకు తగిలించి, పైదాకా ఎక్కుతుందో లేదో చూపించమన్నాను. ఎక్కింది. టైర్ల చోట్లు మార్పించినప్పుడల్లా స్టెప్నీతో కలిపి ఐదింటినీ వంతులవారీగా తిప్పమని చెప్పి, అలైన్‌మెంట్ చేయించుకుని బయల్దేరాను.